అరుంధతి కనిపించే చీకట్లో కెమేరాకి ఏం కనిపిస్తుంది?

కోనసీమ వెన్నెల కవులకి వరం, కెమేరాలకి పరీక్ష! "మూగమనసులు" (1964), "సాక్షి" (1967) లాంటి చిత్రాల కోసం యూనిట్లు గోదావరి తీరానికి తరలివచ్చిన రోజుల్లో ఫోకస్ అనేది ఒక మనిషి చేసే పని. నటుడి కంటి దగ్గర్నుంచి కెమేరా దాకా టేపు పట్టి కొలిచి, నేలమీద గుర్తు పెట్టి, అసిస్టెంటు లెన్సు రింగు తిప్పేవాడు. 1977లో కోనికా సీ 35 ఏ.ఎఫ్.తో బజారులోకి వచ్చిన ఆటోఫోకస్, ఇవాళ్టి మిర్రర్‌లెస్ కెమేరాల్లో మనిషి కంటిని వెతికి పట్టుకునే దాకా ఎదిగింది. బాగానే వుంది. మరి చీకట్లోనో?

పెళ్ళి ఫొటోలు తీసి బతికేవాణ్ణి కనుక నాకిది కూటికి సంబంధించిన ప్రశ్న. మా వైపు రాత్రి ముహూర్తాలు ఎక్కువ. పందిట్లో లైట్లకేం లోటు లేదు. తంటా అంతా అరుంధతీ దర్శనం దగ్గరే. వధూవరుల్ని పందిరి దాటించి, కొబ్బరిచెట్ల మధ్య కాస్త ఆకాశం కనిపించే చోటికి తీసుకెళ్తారు. పురోహితుడు గారు వేలు చూపించి "కనిపించిందా?" అంటారు. ఇద్దరూ తలూపుతారు. నిజంగా కనిపించిందో లేదో దేవుడికే ఎరుక! కెమేరాదీ అదే వరస. ముఖంమీద గడి వెలిగించి, దొరికిందంటుంది. తీరా ఇంటికొచ్చి పెద్ద తెరమీద చూస్తే, కళ్ళు మసక, చెవి జూకా స్పష్టం!

ఇక కంపెనీలవారి అంకెలు చూడండి. చీకటి కొలతకి ఇ.వి. అని పేరు. ఒక్కో మెట్టు దిగితే వెలుతురు సగమవుతుంది. నిండు పున్నమి వెన్నెల పడిన నేల సుమారు మైనస్ 2, మైనస్ 3 దగ్గర వుంటుంది. కేనన్ ఆర్ 6 (2020) మైనస్ 6.5 దాకా ఫోకస్ చేస్తుందన్నారు. సోనీ ఏ 7 ఫోర్ (2021) మైనస్ 4 దాకా అన్నారు. ఇంకేం, కేనన్ గెలిచిందనుకుంటాం. కానీ చిన్న అక్షరాల్లో అసలు సంగతి వుంది. కేనన్ కొలిచింది ఎఫ్ 1.2 లెన్సుతో, సోనీ కొలిచింది ఎఫ్ 2 తో. ఎఫ్ 1.2 లెన్సు దాదాపు రెండు ముప్పావు రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి పంపుతుంది. అది తీసేస్తే రెండున్నర మెట్ల తేడా లెక్క ప్రకారం ఒక్క మెట్టుకి దిగుతుంది. నికాన్ జెడ్ 6 టూ (2020) ఎఫ్ 2 తోనే మైనస్ 4.5 అంది. తక్కువ వెలుతురు కోసం పెట్టిన ప్రత్యేక పద్ధతిలో మైనస్ 6 అంది.

అందుకే మొన్న మాఘమాసంలో ఒక పెళ్ళి ముగిశాక, అదే కొబ్బరిచెట్ల కింద ఓ కుర్రాణ్ణి నిలబెట్టి మూడు కంపెనీల కెమేరాలు పోల్చి చూశాం. ఒకటి నాది, ఒకటి మా మేనల్లుడిది, మూడోది వీడియో తీసే మిత్రుడిది. కంపెనీల పేర్లు చెప్పను, తగాదాలు నాకెందుకు! మూడింటికీ 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్సులే. ముఖం పందిరి వైపుంటే మూడూ టక్కున పట్టేశాయి. వీపు పందిరి వైపు తిరిగి ముఖం చీకట్లో పడేసరికి మూడూ తడుముకున్నాయి. తెల్ల చొక్కామీద ఫోకస్ కుదరలేదు. చొక్కా గుండీల వరస దగ్గర కుదిరింది. ఎఫ్ 4 జూమ్ తగిలిస్తే, అందాకా చురుగ్గా వున్నది కూడా డీలా పడింది.

కారణం పెద్ద రహస్యమేం కాదు. లెన్సు ఎడమ పక్కనుంచీ కుడి పక్కనుంచీ వచ్చిన రెండు బొమ్మల్ని పోల్చి కెమేరా దూరం తెలుసుకుంటుంది. పోల్చడానికి దానికో అంచు కావాలి, అందులోనూ నిలువు అంచయితే మరీ సుఖం. అడ్డగీతలే వున్నచోట కెమేరాని కాస్త వంచి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇంత గొడవెందుకంటారా? ఆ మధ్య ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి తాతగారు చేతికర్ర పోటువేసుకుని మనవరాలితోపాటు ఆకాశంకేసి చూసి నవ్వారు. పక్కనున్న బంధువుచేత సెల్‌ఫోను లైటు గోడమీద వేయించి, ఆయన కళ్ళజోడు ఫ్రేముమీద ఫోకస్ పట్టాను. ఆయన ఆ ఏడే పోయారు. ఇప్పుడు ఆ ఇంటి హాల్లో దండ వేసి వున్నది ఆ ఫొటోయే. "మళ్ళీ ఓసారి నవ్వండి తాతగారూ" అని అడిగే వీలు ఎవరికుంది?

కనుక కొత్త కెమేరా కొనబోయే తమ్ముళ్ళకి నా మాట ఒకటే. ముందు లెన్సుకి డబ్బు పెట్టండి. తరవాత మీరు పనిచేసే చీకట్లోకే కెమేరాలు తీసుకెళ్ళి, ఒకే లెన్సు కొలతతో తలా పది ఫొటోలు తీసి, పెద్ద తెరమీద కళ్ళు లెక్కపెట్టండి. ఎక్కువ కళ్ళు స్పష్టంగా వున్నదే మీ కెమేరా. ప్రకటనలో అంకె ఎంతైనా కానివ్వండి!