ఊకొట్టే సీల్ పిల్ల

పారోకి ఆకలేస్తే నోట్లో పాలపీక పెట్టాలి. అది నిజానికి ఛార్జరు. జపాన్ శాస్త్రవేత్త తకనోరి షిబాతా చేసిన ఈ తెల్లటి సీల్ పిల్ల మరబొమ్మ అక్కడి వృద్ధాశ్రమాల్లో, మతిమరుపు ముదిరిన పెద్దవాళ్ల ఒళ్లో పడుకుని ఉంటుంది. నిమిరితే కళ్లు మూస్తుంది. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుతుంది. 2009లో అమెరికా దీన్ని వైద్య పరికరాల్లో ఒకటిగా గుర్తించింది.

పిల్లినో కుక్కనో కాకుండా సీల్‌నే ఎందుకు చేశారంటే, పిల్లిని అందరూ ఎరుగుదురు. బొమ్మలో లోపం ఇట్టే పట్టేస్తారు. మంచు సముద్రపు సీల్ పిల్లని ఒళ్లో పెట్టుకున్నవాళ్లెవరు? పోల్చుకోవడానికి ఏమీ లేనిచోట మనసు తొందరగా నమ్ముతుందన్నమాట. ఈ కిటుకు నాకు ముచ్చటగానూ ఉంది, కాస్త గుబులుగానూ ఉంది.

మా అమ్మమ్మ తులసికోటలో నీళ్లు పోస్తూ ఇంటి కష్టసుఖాలన్నీ చెప్పుకునేది. తులసి ఒక్కనాడూ ఊకొట్టలేదు. ఆమెకది లోటనిపించినట్టూ లేదు. పారో మాత్రం ఊకొడుతుంది, అసలు సీల్ పిల్లల నుంచి రికార్డు చేసిన గొంతుతో. ఆ పలుకు వెనక ఎవరూ లేరు, నిజమే. వణికే చేయి కాసేపు నెమ్మదించడమూ నిజమే. మోసమంటారా? నేననలేను. ఒళ్లో బొమ్మ ఉంది కదా అని ఆదివారం వచ్చే కొడుకు రావడం మానేస్తే, అప్పుడంటాను. అప్పుడైనా ఆ తప్పు సీల్‌ది కాదనుకోండి.

ఇంతకీ అమ్మమ్మ ఒళ్లో పారోని పెడితే ఏం చేసేదో? ముందు దానికి దిష్టి తీసేదేమో.