డ్రైవర్‌కి దొరికేది అర సెకనే

అమెరికాలో హైస్కూల్ పిల్లలున్న తెలుగు ఇళ్లలో ‘ఎఫ్ఆర్‌సీ’ అనే మాట తరచూ వినిపిస్తుంది. ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ అన్నమాట. 2025 సీజన్‌లో ఒక మ్యాచ్ రెండున్నర నిమిషాలు. మొదటి 15 సెకన్లు రోబో కోడ్ ప్రకారం తనంతట తనే కదులుతుంది. మిగతా 135 సెకన్లు పిల్లలు కంట్రోలర్లతో నడుపుతారు. వాళ్ల ముందు ఒక ల్యాప్‌టాప్ ఉంటుంది. స్క్రీన్ అడుగున డ్రైవర్ స్టేషన్ సాఫ్ట్‌వేర్ ఉంటే, దాని పైన మిగిలిన చోటే డ్యాష్‌బోర్డ్‌ది.

డాలస్ దగ్గర ఒక టీమ్‌కి వీకెండ్స్‌లో సాయం చేస్తుంటాను. మా ప్రోగ్రామింగ్ కుర్రాడు రెండు వారాలు కూర్చుని ఎలాస్టిక్‌లో డ్యాష్‌బోర్డ్ చేశాడు. మోటార్ల వేడి, ఎన్‌కోడర్ అంకెలు, పీఐడీ గ్రాఫులు... విమానం కాక్‌పిట్టే! డ్రైవర్ అమ్మాయి కాసేపు చూసి, ‘‘అన్నా, ఇందులో నేనేం చూడాలి?’’ అంది.

అసలు ప్రశ్న అదే. ఆట మధ్యలో ఆ అమ్మాయి కళ్లు స్క్రీన్ మీద ఉండేది అర సెకను. ఒక అంకె చూశాక తన చెయ్యి వేరేగా కదలకపోతే, ఆ అంకె అక్కడెందుకు? అది లాగ్ ఫైల్‌లోకి పోవాలి. మ్యాచ్ అయ్యాక అడ్వాంటేజ్‌స్కోప్‌లో తీరిగ్గా చూసుకోవచ్చు.

అలా వడపోస్తే నాలుగే మిగిలాయి. టైమర్, ఏ ఆటో ప్రోగ్రామ్ నడవాలో ఎంచుకునే మెనూ, బ్యాటరీ, చేతిలో ముక్క ఉందా లేదా. మెనూని పెద్దది చేశాం. అక్కడ ఎంపిక తప్పితే మొదటి 15 సెకన్లు గోవిందా!

బ్యాటరీతోనే తంటా. 12 వోల్టుల బ్యాటరీ మీద మోటార్లన్నీ ఒక్కసారి లాగితే వోల్టేజ్ ధబేల్న పడుతుంది. 6.8 వోల్టుల చుట్టుపక్కలకి వస్తే రోబోరియో తనని తాను కాపాడుకోవడానికి మోటార్లకి పవర్ ఆపేస్తుంది. దాన్నే బ్రౌనౌట్ అంటారు. క్షణక్షణం ఊగే అంకెని ఎవరు చదువుతారు? రంగు మారే డబ్బా పెట్టాం, పచ్చ, ఎరుపు. రెండో కంట్రోలర్ పట్టుకునే అబ్బాయి మెల్లగా, ‘‘నాకా రెండూ ఒకేలా కనిపిస్తాయి’’ అన్నాడు. నీలం, పసుపు చేసి, పక్కన పెద్ద అక్షరాల్లో మాట కూడా రాశాం.

చేతిలో ముక్క సంగతికొస్తే, ఆ ఏడాది ఆటలో అది కోరల్ అనే పీవీసీ పైపు. యాభై అడుగుల పైచిలుకు ఫీల్డ్ అవతలి నుంచి ఏం కనిపిస్తుంది? సెన్సర్‌కి పైపు తగలగానే కంట్రోలర్ వణికేలా నాలుగు లైన్ల కోడ్ రాశారు పిల్లలు. ఆ తర్వాత డ్రైవర్ ఆ డబ్బా వైపు చూడటమే మానేసింది. నా లెక్కలో ఆ సీజన్‌లో బెస్ట్ కోడ్ అదే.

గ్రాఫులు పోయినందుకు మా కుర్రాడు అలిగాడు. పిట్‌లో చూసుకోవడానికి వాటిని రెండో ట్యాబ్‌లోకి మార్చాం. తర్వాతి పోటీలో ఒక డ్రైవ్ మోటార్ మిగతావాటికంటే ఎక్కువ కరెంట్ లాగుతోందని పట్టుకుంది ఆ ట్యాబే. విప్పి చూస్తే గేర్‌బాక్స్ బోల్ట్ ఒకటి లూజ్.