నాలుగు కిలోల తేడా

"ఇంట్లో పని తప్పించుకోడానికి అదో దారి!" అనేవారు మా అత్తగారు, సంఘసేవ మాటెత్తితే. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. 1991లో చిలకలూరిపేటలో మా వీధి అరుగు మీద ఆడవాళ్ళకి రాత్రిబడి పెట్టినప్పుడు నాలో సేవకంటే గొప్పే ఎక్కువ. నేనేదో దుర్గాబాయి దేశ్‌ముఖ్‌నైపోయినట్టు! ఆవిడ చిన్నపిల్లగా ఉండగానే కాకినాడలో ఆడవాళ్ళకి హిందీ బడి నడిపింది. నాకు పిల్లలు హైస్కూలుకొచ్చాక గాని తీరలేదు.

వచ్చేవాళ్ళు పదకొండుమంది. పగలంతా మిరపకాయలకి తొడిమలు తీసే పని. ఎంత కడుక్కున్నా ఆ మంట చేతుల్ని వదలదు. వాళ్ళు పలక పట్టుకుంటే తుమ్ములు మాత్రం నాకు!

"అఆలు తరవాత, ముందు అంకెలు చెప్పండి పంతులమ్మా" అన్నారు. పెద్దబాలశిక్ష కొని తెచ్చుకున్నదాన్ని, నాకు చిన్నతనమనిపించింది. వాళ్ళ కూలి కిలో లెక్కన అని తరవాత తెలిసింది. కాటా వేసేదీ, పద్దు రాసేదీ మేస్త్రీ. నమ్మేది వీళ్ళు.

రెండు నెలలకి ఒకావిడ తన తూకం తనే చదువుకుంది. పద్దులో నాలుగు కిలోలు తక్కువ. అందరిముందూ అడిగేసింది. మర్నాడు ఆవిణ్ణి పనిలోకి రానివ్వలేదు.

ఆ రాత్రి బడికి ఒక్కరూ రాలేదు. ఆవిడకి ముగ్గురు పిల్లలు. నా సరదా వాళ్ళ నోటికాడి కూడు తీసిందా అని నాకు ముద్ద దిగలేదు. ఉండబట్టలేక వాళ్ళింటికి వెళ్ళాను.

"నావల్లే కదమ్మా ఇదంతా!"

"మీరేం చేశారు? చదివింది నేనుగా" అంటూ పీట వేసింది.

నిజం చెప్పొద్దూ, కాస్త నొచ్చుకున్నాను కూడా! నా వాటా ఏమీ లేదన్నమాటేగా. సగం దారి వచ్చాక నవ్వొచ్చింది. మనసు దూదిపింజలా తేలిపోయింది.

అయిదోరోజున మిగతావాళ్ళూ పనికి రామన్నారు. కళ్ళముందు కాయలు గుట్టలు పడుతుంటే మేస్త్రీ ఏంచేస్తాడు? కబురు పెట్టాడు. ఆనాటినుంచి తూకం పైకి చదివాకే పద్దులోకెక్కేది.

మరుసటి ఏడు, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడి చదువులు చదివిన ఆడవాళ్ళు సారా అమ్మకాలు ఆపించారని పేపర్లో పడింది. 1993 అక్టోబరుకల్లా రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మా ఇంట్లో మగవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. నేను మాత్రం పేపరు మడిచి పప్పు ఎసట్లో పోసుకున్నాను.

అప్పటికి నా బడికి వచ్చేది ఆరుగురే. మిగతావాళ్ళు ఆ కాటా ఆవిడ దగ్గరే చదువుకుంటున్నారు.

"ఏమే, బడి మూసేశావా?" అనడిగారు అత్తగారు ఓ రాత్రి.

"లేదత్తయ్యా, అరుగు మారింది" అన్నాను.