పాత ఇంజన్‌కు చెవి కావాలి

పాత కార్ల గురించి ఏదైనా రాసుకురమ్మని ఎడిటరు పంపితే విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. ఒక షెడ్డు దగ్గరే పొద్దుపోయింది. అక్కడ బానెట్ ఎత్తిన అంబాసిడర్ మీదికి వంగి, ఓ పెద్దాయన రబ్బరు గొట్టం ఒక కొస కార్బొరేటర్ మూతి దగ్గరా రెండో కొస చెవిలోనూ పెట్టుకుని వింటున్నారు.

పక్కన బండి యజమాని ఒకటే సణుగుడు. "మేస్త్రీగారూ, ఓ పెద్ద ఫిల్టర్ తగిలిస్తే పోయేదానికి ఇంత చాదస్తమా?"

మేస్త్రీ తలెత్తలేదు. ఆ అంబాసిడర్‌లోది బ్రిటిష్ కంపెనీ బీఎంసీ వాళ్ల బి-సిరీస్ ఇంజన్, 1489 సీసీ. నాలుగు సిలిండర్లున్నా హెడ్డులోకి గాలి పోయే దారులు రెండే. కంపెనీ ఇచ్చిన కార్బొరేటర్ ఒక్కటే. ఇదే సైజు బి-సిరీస్‌కు 1955లో ఎంజీఏ స్పోర్ట్స్ కారులో జంట ఎస్‌యూ కార్బొరేటర్లు పెట్టారు. వాటిని హెడ్డుకు కలిపే కొత్త మ్యానిఫోల్డ్‌తో సహా ఈయన బిగిస్తున్నవీ అవే. రెండూ సమానంగా పీలుస్తున్నాయో లేదో ఆ గొట్టంలోని 'స్‌స్' చప్పుడే చెప్పాలి.

గాలి పెరిగితే చాలదు, దానికి తగ్గ పెట్రోలూ అందాలి. ఎస్‌యూలో గాలి లాగుడుకు పిస్టన్ పైకి లేస్తుంది, దాని సూది కూడా లేచి జెట్‌లో దారి పెంచుతుంది. సూది సరిపడకపోతే కొత్త మ్యానిఫోల్డ్ దండగ. ఆయన పిస్టన్‌ను ఇసుమంత ఎత్తి చూశారు. స్పీడు పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైనట్టు, ఇంజన్ ఆగబోతే తక్కువైనట్టు, కాస్త పెరిగి సర్దుకుంటే సరిపోయినట్టు. తర్వాత ప్లగ్గు విప్పారు. మసి లేదు, తెలుపు లేదు, లేత గోధుమ రంగు. అప్పుడు నవ్వారు.

నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ బండికి క్రోమియం, సీట్లు, రంగు అన్నీ కొత్తవే. బేరం ట్యూనింగ్ దగ్గరే!

అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బైకుల్లోంచీ కార్బొరేటర్ దాదాపు పోయింది. పొగ తగ్గింది, మంచిదే. కానీ మిగిలిన పాత బండ్లను చూసేదెవరు? షెడ్డులో ఒక్క కుర్రాడూ లేడేమని అడిగాను.

"నేర్చుకున్నాక జీతం ఎవరిస్తారు సార్?" అన్నారాయన.

ఆ జీతం ఇవ్వాల్సింది పాత కారును ముచ్చటపడి కొనుక్కున్నవాళ్లే. బంపరు మెరుపుకు పెట్టే డబ్బులో కొంత, ఆ మేస్త్రీ పక్కన నిలబడి నేర్చుకునే కుర్రాడికి ఇవ్వండి. లేకపోతే మీ బండి ఫొటోలకే పనికొస్తుంది.