కరదీపిక

తెలుగులో 'కరదీపిక' అనే పదానికి మార్గదర్శక గ్రంథమనే అర్థం స్థిరపడింది. కాని ఆ సమాసానికి మొదటి అర్థం చేతిదీపమే. చీకటిలో దారి చూపే దీపం పేరే, తెలియని విషయంలో దారి చూపే పుస్తకానికీ దక్కింది. కాగడా, ప్రమిద, లాంతరు ఒకదాని తరువాత ఒకటిగా మానవుని చేతిలో వెలిగాయి. విద్యుద్యుగంలో ఆ స్థానం టార్చిలైటుకు లభించింది. 1899లో డేవిడ్ మిసెల్ అనే ఆవిష్కర్త గొట్టం ఆకారంలోని విద్యుద్దీపానికి అమెరికాలో పేటెంటు పొందాడు. గొట్టంలో వరుసగా పేర్చిన బ్యాటరీలు, ముందుభాగంలో బల్బు, దాని చుట్టూ కాంతిని ముందుకు మళ్లించే పరావర్తకం: ఈ నిర్మాణం నూరేళ్లకు పైగా పెద్దగా మారలేదు. మన పల్లెల్లో దీనిని 'బ్యాటరీ లైటు' అంటారు. ఆ పేరు సార్థకమైనదే. ఈ దీపం గుణదోషాలలో సగభాగం బ్యాటరీవే.

పట్టణవాసికి టార్చిలైటు కరెంటు పోయినప్పుడు మాత్రమే గుర్తుకు వచ్చే వస్తువు. సేద్యగానికి అది ప్రాణరక్షణ సాధనం. భారతదేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది మరణించి ఉంటారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అంటే సగటున ఏడాదికి 58 వేల మంది. వారిలో అత్యధికులు గ్రామీణులు. విషసర్పాలలో కట్లపాము రాత్రివేళ సంచరించేది. గట్టు మీద పడి ఉన్న రక్తపింజర ఎండుటాకులలో కలిసిపోతుంది. అడుగు వేసే చోట వెలుగు పడితే తప్పే ప్రమాదాలు ఎన్నో ఉన్నాయి.

కృష్ణా డెల్టాలో కాలువ చివరి ఆయకట్టుకు చెందిన ఒక గ్రామంలో ఒక వృద్ధ రైతు ఉన్నాడు. ఎగువ పొలాలు తడిసిన తరువాతనే ఆ ఊరికి నీరు అందుతుంది. నీటి వంతు తరచుగా అర్ధరాత్రి వస్తుంది. భుజాన పార, చేతిలో రెండు పెద్ద బ్యాటరీల స్టీలు టార్చిలైటు పట్టుకొని ఆయన గట్ల వెంట నడుస్తాడు. అయితే ఆ దీపాన్ని దారి పొడవునా వెలిగించడు. మలుపులో ఒకసారి మీట నొక్కి, ముందున్నది చూసి, ఆర్పి, పదిపన్నెండు అడుగులు చీకటిలోనే వేస్తాడు. వెలుగు పసుపుబారినప్పుడు బ్యాటరీలను తీసి ఎండలో పెడతాడు. ఎండ వేడికి లోపలి రసాయన చర్య కొంత చురుకెక్కి, దీపం ఒకటి రెండు రాత్రులు కాస్త తెల్లబడుతుంది. ఖర్చయిపోయిన జింకు మాత్రం తిరిగి రాదు.

ఇంటర్మీడియట్ చదువుతున్న ఆయన మనుమరాలు ఒకనాడు అడిగింది.

"తాతయ్యా, చేతిలో లైటు పెట్టుకొని చీకట్లో నడవడమెందుకు?"

"ఊరికే వేస్తే బ్యాటరీలు అయిపోవూ? మళ్లీ కొనాలి కదమ్మా" అన్నాడాయన.

ఆ సమాధానం ఆమెను ఆలోచింపజేసింది. తాతగారికి దీపం లేకపోలేదు. దానిని వెలిగించడానికి ధైర్యం లేదు. వెలిగించిన ప్రతి క్షణమూ ఖర్చుగా తోచే దీపం అవసరమైన చోట ఆరిపోయే ఉంటుంది. కాబట్టి మారవలసింది వృద్ధుని అలవాటు కాదు, ఆ అలవాటుకు కారణమైన లెక్క.

ఆ లెక్కలో మొదటిది బల్బు. పాత బల్బులోని టంగ్‌స్టన్ తీగ వేడెక్కి కాంతినిస్తుంది. అది గ్రహించిన విద్యుచ్ఛక్తిలో అత్యధిక భాగం వేడిగా వృథా అవుతుంది. కంటికి కనిపించే కాంతిగా మారేది నూటికి 5 పాళ్లకు అటూఇటూ మాత్రమే. కాంతి ఉద్గార డయోడు, అంటే ఎల్.ఇ.డి., తీగను కాల్చకుండా అర్ధవాహకంలోని ఎలక్ట్రానుల కదలిక నుంచి నేరుగా కాంతినిస్తుంది. ఎరుపు కాంతినిచ్చే డయోడు 1962లోనే వచ్చినా, తెల్లని వెలుగుకు కావలసిన నీలి డయోడు కోసం మూడు దశాబ్దాలు నిరీక్షించవలసి వచ్చింది. దానిని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజీ నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. నీలి కాంతి కొంత పసుపు కాంతిగా మారేటట్లు డయోడుపై ఒక పదార్థాన్ని పూస్తారు. ఆ రెండూ కలిసి తెలుపుగా కనిపిస్తాయి. అదే విద్యుత్తుకు ఇది పాత బల్బు కంటె అనేక రెట్లు అధికంగా వెలుగునిస్తుంది.

పాత టార్చిలైటును పారవేయకుండానే దానిలో ఎల్.ఇ.డి. బల్బును అమర్చవచ్చు. మనుమరాలు ఆ పని చేసేముందు మూడు విషయాలు పరిశీలించింది. మొదటిది బల్బు అడుగుభాగం పాతదాని కొలతకు సరిపోవడం. రెండవది దిశ: పాత బల్బుకు విద్యుత్తు ఎటు నుంచి వచ్చినా ఒకటే, డయోడు ఒక దిశలోనే వెలుగుతుంది. కనుక బ్యాటరీల కొసలు తారుమారు కాకూడదు. మూడవది వోల్టేజి. తెల్లని డయోడుకు సుమారు 3 వోల్టులు కావాలి. రెండు కొత్త పొడి బ్యాటరీలు కలిసి 3 వోల్టులు ఇచ్చినా, వాడేకొద్దీ అది తగ్గుతుంది. రీఛార్జి చేయదగిన నికెల్-మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ ఒక్కొక్కటి 1.2 వోల్టులే ఇస్తుంది. రెండూ కలిస్తే 2.4. అందుచేత తక్కువ వోల్టేజిని పెంచి అందించే చిన్న సర్క్యూటు కలిగిన బల్బునే ఆమె ఎంచుకొంది.

ఇక బ్యాటరీల ఎంపిక. నికెల్-కాడ్మియం పాతతరానిది, అందులోని కాడ్మియం విషలోహం. 1991లో విపణిలోకి వచ్చిన లిథియం-అయాన్ బ్యాటరీ శక్తిమంతమైనదే. కాని దాని వోల్టేజి 3.7. రెండింటిని వరుసగా పాత గొట్టంలో పెడితే 7.4 వోల్టులై బల్బు మాడిపోతుంది. దానికి ప్రత్యేకమైన ఛార్జరు, రక్షణ సర్క్యూటు కూడా అవసరం. పాత టార్చిలైటుకు తగినది నికెల్-మెటల్ హైడ్రైడే. అందులోనూ పైన ముద్రించిన పెద్ద అంకెను చూసి మోసపోకూడదు. సాధారణ రకం వాడకుండా ఉంచినా నెలరోజుల్లోనే చెప్పుకోదగినంత శక్తిని కోల్పోతుంది. 2005లో జపానులో వచ్చిన కొత్తరకం ఏడాది తరువాత కూడా అధికభాగాన్ని నిలుపుకొంటుంది. ఆమె ఆ రకంలో 2000 మిల్లీఆంపియర్-గంటల చిన్న బ్యాటరీలు రెండు కొని, పెద్ద బ్యాటరీల కొలతకు సరిపోయే ప్లాస్టిక్ తొడుగులలో అమర్చింది. ఒక వాటు దీపానికి అవి దాదాపు నాలుగు గంటలు చాలుతాయి. తరువాత ఛార్జి చేసుకోవచ్చు. ఆ విధంగా కొన్ని వందల సార్లు.

వృద్ధుడు క్రమంగా గట్టు పొడవునా దీపం వెలిగించి నడవసాగాడు. అంతలో కొత్త చిక్కు ఎదురైంది. ఒక రాత్రి పొలం మధ్యలో దీపం ఒక్కసారిగా ఆరిపోయింది. పొడి బ్యాటరీ పసుపుబారుతూ ముందుగా హెచ్చరిస్తుంది. నికెల్-మెటల్ హైడ్రైడ్ చివరి వరకు దాదాపు ఒకే వోల్టేజినిచ్చి హఠాత్తుగా జారిపోతుంది. ఆయన పార కర్రతో నేలను తట్టుకొంటూ ఇల్లు చేరాడు. మరునాడు మనుమరాలు మరొక జత కొన్నది. ఒక జత టార్చిలైటులో, ఛార్జి చేసిన రెండవ జత చొక్కా జేబులో ఉండాలన్నది ఆ ఇంటి నియమమైంది. కొత్తవి, పాతవి కలిపి వేయకూడదని, పొడి బ్యాటరీలను ఎన్నడూ ఛార్జరులో పెట్టకూడదని కూడా ఆమె చెప్పింది.

నిత్యం వాడే దీపానికి రీఛార్జి బ్యాటరీ మేలు. ఏడాదికి ఒకటి రెండుసార్లే అవసరపడే అత్యవసర దీపానికి ఏళ్లతరబడి నిలవ ఉండే ఆల్కలైన్ బ్యాటరీలను విడిగా దాచుకోవడం మేలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు అనేక ప్రాంతాలలో రోజుల తరబడి విద్యుత్తు లేదు. అటువంటి వేళ ఛార్జరు నిరుపయోగం. వస్తువు మంచిచెడ్డలు దాని వినియోగాన్ని బట్టే నిర్ణయమవుతాయి.

రీఛార్జి బ్యాటరీకీ ఆయుర్దాయం ఉంది. అది తీరినప్పుడు చెత్తకుప్పలోనో కాలువలోనో పారవేయడం తగదు. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన నియమాల ప్రకారం వాడి వదిలిన బ్యాటరీలను వినియోగదారులు ఇతర వ్యర్థాల నుంచి వేరుచేయాలి. వాటి సేకరణ, పునర్వినియోగాల బాధ్యత ఉత్పత్తిదారులది. రాత్రి పొలానికి దారి చూపిన లోహమే పగలు ఆ పొలం నీటిలో విషమై కలవకుండా చూడడం దీపం పట్టుకొన్నవారి కర్తవ్యం.