తాటిగూడ దారిలో

గడచిన కార్తికమున మేము విశాఖపట్టణమునుండి సకుటుంబముగా బొర్రాగుహలకు రైలులో వెళ్లితిమి. ఆదివారమగుటచే గుహలలో నడుగు పెట్టుటకు చోటు లేదు. వెలుపలికి రాగానే జీపులవారు మమ్ము చుట్టుముట్టి, కటికి జలపాతమును చూడనివాని ప్రయాణము వ్యర్థమని చెప్పసాగిరి. వారడిగిన బాడుగ మా రైలుఖర్చునకు మూడింతలు. అంతట మేము వారిని వదలించుకొని, బస్సెక్కి అనంతగిరికి వచ్చి, టీకొట్టువానిని దారి యడిగి, తాటిగూడ జలపాతమునకు నడక సాగించితిమి.

మిరియపుతీగెలల్లుకొన్న చెట్లనీడను, కాఫీతోటల ప్రక్కగా నడచుచుండ, మోసపోక తప్పించుకొంటిమన్న గర్వము మాకు కలుగకపోలేదు. దారిలో నొక గిరిజనవృద్ధురాలు సీతాఫలముల గంప ముందుంచుకొని కూర్చుండెను. కుప్ప నూరురూపాయలనెను. మేము నలువదికి బేరమాడితిమి. ఆమె మారుపలుకక యిచ్చినది.

జలపాతముకడ పదిమందికి మించి లేరు. వానలు వెనుకబట్టినను నీటిధార సన్నగిల్లలేదు. దాని చప్పుడు తప్ప మరియొక చప్పుడు లేదు. బండలు పాచిపట్టి యున్నందున పిల్లలను దిగనీయలేదు. వారికి కోపము వచ్చినది. వారిని మరపించుటకై గోస్తనీనది కథ యెత్తుకొంటిమి. ఈ కొండలలో పుట్టిన యా నది బొర్రాగుహలగుండ పారి, తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్టణముకడ కడలి కలియును. ఆ జలాశయపు నీటినే మన నగరము త్రాగుచున్నది. అమరకోశమున గోస్తనియనగా ద్రాక్ష. ఇచ్చటివారు మాత్రము ఆవుపొదుగునే తలచి, గుహలో ఆవు పడిన కథ చెప్పుదురు. మేమీ పాండిత్యమును వినిపించుచుండగా, మా గృహిణి యొడ్డున పడియున్న ప్లాస్టికు పళ్లెములను ఏరి సంచిలో వేయుచుండెను.

“జీపువాడు దోచుకొనబోయెనని దారిపొడవునను తిట్టితిరి. ఆ ముసలమ్మ మిమ్మేమని తిట్టుకొనుచున్నదో!” అని యామె తల యెత్తకయే యనెను.

మాకు మాట తోచలేదు. పట్టణమున నవే పండ్లను రెట్టింపు వెలకు, చీటిమీది ధర చూచి, నోరెత్తక కొనువారమే కదా! బేరమాడుటకు మాకు దొరికినది ఆ గంప యొక్కటే.

తిరుగుదారిలో నామె లేదు. గంప యుంచినచోట నాలుగాకులు మాత్రముండెను. ప్రక్క పాకలో విచారింపగా, పండ్లమ్ముకొని యింటికి పోయినదనిరి. ఆమెకిమ్మని అరువదిరూపాయలు వారి చేతికిచ్చితిమి. ఎందులకని వారడిగిరి.

లెక్క తప్పినదని చెప్పితిమి.