వేట ఎవరిది, పులుసు ఎవరిది

పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మా కోనసీమలో. ఎవరి మెడలో పుస్తెలో, ఎవరి కంచంలో పులసో ఆ సామెత చెప్పదు. చేపలు గంపకెత్తుకుని వీధి వీధీ తిరిగి అమ్మేది ఆడవాళ్ళు. పొలుసు తీసేదీ, కత్తిపీట మీద ముక్కలు కోసేదీ, పులుసు పెట్టేదీ ఆడవాళ్ళు. ఏటి మీదకి, సముద్రం మీదకి వెళ్ళడానికి మాత్రం 'వేట' అని పేరు. అది మగవాళ్ళది. అమ్మకానికో వంటకో కాకుండా, ఊరికే సరదాకి నీళ్ళ దగ్గర నిలబడ్డ ఆడమనిషిని చిన్నప్పుడు నేను చూడలేదు.

పెళ్ళయి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికి వచ్చాక కూడా ఈ పని విభజన మారలేదు. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా కోహో సాల్మన్ చేపలు సముద్రం నుంచి నదుల్లోకి ఎదురెక్కుతాయి. శనివారం తెల్లవారకముందే మా ఆయనా స్నేహితులూ గాలాలు సర్దుకుని స్కైకోమిష్ నదికి బయల్దేరేవారు. ఒకసారి నేనూ వస్తానన్నాను. "ఈ చలిలో మీకెందుకండీ? చేప మేం తెస్తాం, పులుసు మీరు పెడుదురు గాని" అన్నారొకాయన. మర్యాదగానే అన్నారు. మన ఇళ్ళలో చాలా తలుపులు ఇలా మర్యాదగానే మూసుకుంటాయి. ఆ వారమే నా పేరు మీద లైసెన్సు తీసుకున్నాను. వీసా కాగితాల్లో ఏళ్ళ తరబడి 'డిపెండెంట్' అనిపించుకున్నదాన్ని. ఈ కార్డు మీద ఎవరి భార్యనో రాయక్కర్లేదు.

కోహో ఏటి గులకరాళ్ళ మధ్య పుడుతుంది. దాదాపు ఏడాదిన్నర మంచినీళ్ళలో, మరో ఏడాదిన్నర సముద్రంలో బతుకుతుంది. నీటి వాసన పట్టుకుని పుట్టిన ఏటికే తిరిగొస్తుంది. పులస గుడ్లు పెట్టాక మళ్ళీ సముద్రానికి పోగలదు. కోహో పోదు, గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. నదిలోకి వచ్చాక తిండి దాదాపు మానేస్తుంది కనక దాన్ని ఆకలితో కాదు, కవ్వించి పట్టాలి. తళుక్కుమని తిరిగే రేకు గాలమైనా వెయ్యాలి, బెండు కింద ఎరైనా కట్టాలి. ఆ ఎర సాధారణంగా సాల్మన్ జనే. ఉప్పు, పంచదార, బొరాక్స్ కలిపి ఊరబెడతారు. ఒక ఆడచేప గుడ్లు ఎరగా వేసి ఇంకో ఆడచేపని పట్టడం! ఇన్నేళ్ళూ జన వేయించిన చేతులే నావి. అయినా ఆ ఎర గుచ్చుతుంటే వేళ్ళు ఆగాయి. నేను రేకు గాలమే ఎంచుకున్నాను.

నాకు పడ్డ మొదటి చేపకి తోక పైభాగంలోనే చుక్కలున్నాయి, పళ్ళ చుట్టూ చిగురు తెల్లగా ఉంది. కోహోయే. వీపు మీద తోకకి దగ్గరగా ఉండే చిన్న కండరెక్క కత్తిరించి ఉంది, అంటే హేచరీలో పెంచి వదిలింది. ఉంచుకుని, అక్కడే కార్డులో సిరాతో రాశాను. రెండోదానికి రెక్క నిండుగా ఉంది, పొట్టా నిండుగా ఉంది. ఏటిలోనే పుట్టి పెరిగిన ఆడచేప. నీళ్ళలోంచి ఎత్తకుండానే గాలం తీసి, ప్రవాహానికి ఎదురుగా పట్టుకున్నాను. తోక ఒక్కసారి విదిలించి వెళ్ళిపోయింది. "అయ్యో, జన ఉన్న చేపని వదిలేశారే!" అన్నారు పులుసు అడిగినాయన.

ఈ నదుల ఒడ్డున ఆడవాళ్ళు కొత్త కాదు. 1850ల ఒప్పందాల్లో ఇక్కడి ఆదివాసీ తెగలు భూములు వదులుకుంటూ, తమ పాత తావుల్లో చేపలు పట్టే హక్కుని మాత్రం ఉంచుకున్నాయి. రాష్ట్రం ఆ హక్కుని కాలరాస్తే 1960లలో తెగబడి వలలు వేశారు. ట్యులాలిప్ తెగకి చెందిన జానెట్ మెక్‌క్లౌడ్ ఆ పోరాటానికి గొంతయ్యింది, జైలుకి వెళ్ళింది. పుయాలప్ నది ఒడ్డున 1970లో పోలీసులు బాష్పవాయువుతో విరుచుకుపడ్డ శిబిరంలో రమోనా బెన్నెట్ ఉంది. 1974లో జడ్జి బోల్ట్ తీర్పు, పట్టదగిన చేపల్లో సగం వాటా ఒప్పంద తెగలదని తేల్చింది. నా శనివారపు సరదా వాళ్ళు దెబ్బలు తిన్న నీళ్ళ పక్కనే సాగుతోంది. ఒకరికి తీరిక అయిన పని ఇంకొకరికి అన్నం, అస్తిత్వం. స్త్రీల తీరిక గురించి మనం రాసేటప్పుడు ఈ తేడా కూడా రాయాలి.

ఇంకో సంగతి. సియాటిల్‌లోని లాంగ్‌ఫెలో క్రీక్ లాంటి ఊరి ఏళ్ళలో, తొలకరి వానలకి ఎక్కి వచ్చిన ఆడకోహోలు గుడ్లు పెట్టకముందే, నిండు పొట్టలతో చచ్చి తేలడం ఏళ్ళపాటు అంతుచిక్కలేదు. కారణాన్ని 2020లో పరిశోధకులు బయటపెట్టారు. టైర్ల రబ్బరులో కలిపే 6పీపీడీ ఓజోన్‌తో కలిసి విషంగా మారుతుంది, రోడ్ల మీంచి వాన దాన్ని ఏటిలోకి కడుగుతుంది. గాలానికి లైసెన్సుంది, లెక్కుంది, రాసుకునే కార్డుంది. టైర్లకి అలాంటి కార్డు లేదు. ఏటి దగ్గరికి మేమంతా కార్లలోనే వెళ్తాం.

ఇప్పుడు మా వీధి ఆడవాళ్ళం నలుగురం కలిసి వెళ్తున్నాం. కొన్ని శనివారాలు ఒక్క చేపా పడదు. ఆ రాత్రి ఇళ్ళలో పప్పుచారే. చేప ఏదని ఎవరైనా అడిగితే, ఏట్లో ఉందని చెబుతాం.